తువ్వాలు కింద చెయ్యి, కడుపులో తొందర

నా పెద్దపేగు నన్ను విడిచి వెళ్ళి రెండేళ్ళు దాటింది. దాని మీద నాకిప్పుడు కోపం లేదు. నలభై ఆరేళ్ళు కలిసి బతికినవాళ్ళం. అందులో నలభై ఏళ్ళు నేను ఎక్కడికి వెళ్తే అది అక్కడికి వచ్చింది. చివరి ఆరేళ్ళు మాత్రం అది ఎక్కడికి పరిగెత్తమంటే నేను అక్కడికి పరిగెత్తాను.

ఇప్పుడు కుర్చీలో కూర్చుంటే కూర్చున్నట్టే ఉండగలుగుతున్నాను. ఈ భోగం ఏ జమీందారుకీ తెలిసి ఉండదు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బాత్రూము గడియ మీద ఒక చెయ్యి వేసుకుని బతుకుతున్నవాళ్ళు ఇంకా ఉంటారని నాకు తెలుసు. వాళ్ళు ఎవరికీ చెప్పుకోరు, నేనూ చెప్పుకోలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

1999, మిరప కోతల కాలం

నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారిని. రైతు తెచ్చిన కాయకి మంచి ధర తెప్పించడం నా పని. మా దగ్గర ధర నోటితో చెప్పుకోరు. కొనే సేటు, నేను ఎదురెదురుగా నిలబడి చేతుల మీద తువ్వాలు కప్పుకుంటాం. కింద ఒకరి వేళ్ళు ఒకరం పట్టుకుంటాం. ఏ వేలు పట్టుకుంటే ఎంతో మా ఇద్దరికే తెలుస్తుంది. పైకి మాత్రం ఎండల గురించి, కరెంటు కోతల గురించి తీరిగ్గా మాట్లాడుతూ ఉంటాం. బేరం తెగేదాకా చెయ్యి తియ్యకూడదు. ఓపికున్నవాడిదే ధర.

ఆ ఏడు ఒక పొద్దున సత్తెనపల్లి పక్క నుంచి, ఎప్పుడూ నా కొట్టుకే వచ్చే రైతు పిచ్చయ్య బాబాయి కాయ తెచ్చాడు. కాయంటే కాయ కాదది, కెంపులు. ఆ రాశి మీద ఎండ పడితే దారిన పోయేవాళ్ళ తెల్లచొక్కాలు ఎర్రగా కనపడ్డాయి. నేను తువ్వాలు వేశాను, సేటు వేలు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు నా కడుపులో ఎవరో రైలింజను స్టార్టు చేశారు.

ఎంత బిగబట్టినా లాభం లేకపోయింది. సేటు చూపుడువేలు పట్టుకున్నాడో, చిటికెనవేలు పట్టుకున్నాడో చూసుకోలేదు. "సరే, ఇచ్చేశా!" అని తువ్వాలు అక్కడే వదిలి పరుగు తీశాను. ఆ పరుగు చూసినవాళ్ళు యార్డులో ఎక్కడో మంటలు లేచాయనుకుని నా వెనకాల కొంతదూరం పరిగెత్తారు.

తిరిగొచ్చేసరికి పిచ్చయ్య బాబాయి రాశి పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు.

"ఏందయ్యా, నా కాయ అంత అలుసైపోయిందా నీకు?" అన్నాడు.

ఏం చెప్పను? చెప్పదగ్గ రోగమా? ఆ రోజు బాత్రూములో చూసిన రక్తం సంగతి మా ఆవిడ నాగమణికి కూడా చెప్పలేదు.

నెల తిరిగేసరికి సేట్లు నా గుట్టు కనిపెట్టేశారు. నాతో బేరమంటే తువ్వాలు కింద వేలు పట్టుకుని వాళ్ళ ముత్తాతల కథ ఎత్తుకునేవాళ్ళు. నా మొహం రంగు మారేదాకా ఆగితే చాలు, కాయ వాళ్ళదే. రైతు నన్ను నమ్మి తెచ్చిన సరుకుని నా కడుపు అమ్మేస్తోంది. సీజను చివరికి పిచ్చయ్య బాబాయి ఇంకో కొట్టుకి వెళ్ళిపోయాడు. వెళ్ళేవాడు నా మొహం చూడకుండా వెళ్ళాడు. నాకు రోగం కన్నా అదే ఎక్కువ బాధ పెట్టింది. బేరం తెగేదాకా రాశి దగ్గర నిలబడలేనివాడు ఇక యార్డుకి ఎందుకు?

2000, 2001: వేడి చేసిన రోజులు

మన వైపు ఏ రోగానికైనా పేరు ఒకటే: వేడి చేసింది. దానికి మందు, చలవ. రక్తం సంగతి ఇంట్లో బయటపడ్డాక నాకు పోసిన మజ్జిగతో సాగర్ కుడికాలవ కింద పొలాలకి ఒక తడి ఇవ్వొచ్చు. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, కలబంద గుజ్జు. మొలలని ఒకాయన ఆకు పసరు పోశాడు. ఆ పసరు తాగాక నా రోగమే కాసేపు బిత్తరపోయి నిలబడింది. తర్వాత రెట్టింపు కోపంతో వచ్చింది.

దోషి మాత్రం మొదటిరోజే తేలిపోయింది. గుంటూరు కదా, ఇంకెవరు? మిరపకాయ! నాగమణి ఇంట్లో కారం డబ్బాని ఎత్తి అటక మీద పెట్టేసింది. నాకు ఒక్కడికే చప్పిడి వండితే నేను దొంగతనంగా తింటానని తనూ చప్పిడే తినడం మొదలుపెట్టింది. మిర్చి యార్డుకి కూతవేటు దూరంలో కారం లేని ఇల్లు! పెరుగు అప్పు అడగడానికి వచ్చిన పక్కింటావిడ మా గోంగూర పచ్చడి రంగు చూసి ఇంట్లో మైల అనుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

ఈ వార్త యార్డుకి పాకింది. ఒక ఆదివారం తోటి వ్యాపారులు ముగ్గురు పళ్ళు తీసుకుని పరామర్శకి వచ్చారు. కాసేపు ఫ్యాను వైపు చూసి, పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"చూడబ్బాయ్, నీకు తగ్గాలనే మా కోరిక. కానీ మిరపకాయ వల్ల వచ్చిందని మాత్రం ఎక్కడా అనమాక. సీజన్లో ఉన్నాం."

"మరి ఏం చెప్పమంటారు?"

"చేపలని చెప్పు. మన యార్డులో చేపలవాళ్ళు ఎవరూ లేరుగా."

వాళ్ళని గుమ్మందాకా సాగనంపి వచ్చి నాగమణి పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు, ఇంట్లో భయపడుతున్నది నేనొక్కణ్ణే కాదని.

మర్నాడు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, నా చొక్కా నా చేతికిచ్చి, "పదండి" అంది. పెద్దాసుపత్రి వీధిలో ఒక డాక్టరు గొట్టానికి కెమెరా కట్టి నాలోకి పంపించారు. ఆ కెమెరా చేసిన ప్రయాణం గురించి చెప్పను గానీ, బయటికొచ్చాక దాన్ని చూస్తే నాకే జాలేసింది. అప్పుడు రోగానికి అసలు పేరు దొరికింది: అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొరంతా పుండ్లు. పసరులు తాగుతూ ఊరికే పోగొట్టుకున్న కాలం తల్చుకుంటే ఇప్పటికీ ఉసూరుమంటుంది. రక్తం కనపడితే వేడి అని సరిపెట్టుకోకండి, ముందు డాక్టరుకి చూపించండి. ఇంత పెద్ద వ్యాసంలో నేను సీరియస్‌గా ఇచ్చే సలహా ఇదొక్కటే.

2002 నుంచి 2005 దాకా: గుండ్రటి మొహం

మాత్రలు పనిచేశాయి. కొంతకాలం. తగ్గడం, మళ్ళీ తిరగబెట్టడం, మళ్ళీ తగ్గడం. స్టెరాయిడ్ల వల్ల నా మొహం ఎంత గుండ్రంగా తయారైందంటే, పున్నమినాడు మేడ ఎక్కితే ఊళ్ళో కుక్కలు రెండువైపులకీ తిరిగి మొరిగేవి. 2005 వానాకాలానికి ఆ మాత్రలూ చేతులెత్తేశాయి. మొహం ఒక్కటే మిగిలి, కింద మనిషి కరిగిపోయాడు. మంచం నుంచి బాత్రూముకి నడిచేటప్పుడు మధ్యలో విశ్రాంతికి కుర్చీ వేశారు. గుంటూరు డాక్టరు ఇక దాచలేదు. పెద్దపేగు తీసేయించుకోవాలి, హైదరాబాదు వెళ్ళండి, అక్కడ పొట్టంతా కొయ్యకుండా చిన్న చిల్లుల్లోంచి చేస్తున్నారు అన్నారు.

2005, పత్తి తీతల కాలం: హైదరాబాదు

మాకు తోడుగా నాగమణి తమ్ముడు కోటేశ్వరరావు వచ్చాడు. అతనికి మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. కొండలు పేల్చేచోట పుట్టి పెరిగినవాడు, గొంతు కూడా ఆ కొలతల్లోనే ఉంటుంది. ఆసుపత్రిలో మేం కూర్చున్న హాలులో అతను గుసగుసగా "బావా, నీకు మళ్ళీ వచ్చిందా?" అని అడిగితే, కౌంటర్లో ఉన్న అమ్మాయితో సహా హాలంతా నావైపు తిరిగి, జవాబు కోసం ఆగింది.

సర్జన్‌గారు సన్నగా, నెమ్మదిగా ఉన్నారు. బొమ్మ గీసి చూపించారు. పెద్దపేగు తీసేస్తారు. చిన్నపేగు చివర తిత్తిలా కుట్టి కింద కలుపుతారు. ఆ అతుకు మానేదాకా కొన్నాళ్ళు పొట్ట మీద చిన్న దారి పెట్టి, దానికి సంచి తగిలిస్తారు. తర్వాత ఇంకో చిన్న ఆపరేషన్‌తో ఆ దారి మూసేస్తారు.

కోటేశ్వరరావు బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"డాక్టరుగారూ, తప్పుగా అనుకోమాకండి. రాయి ఎంతుంటే గుంత అంత తియ్యాలండీ. మా వైపు క్వారీల్లో బ్లాకు బయటికి రావాలంటే కొండ తెరవాల్సిందే. మీరేమో అంత పొడుగు పేగుని చిల్లులోంచి తీస్తానంటున్నారు. ఎట్టా వస్తది?"

"పేగు రాయి కాదండీ, మెత్తగా ఉంటుంది. కెమెరాతో చూస్తూ లోపలే విడదీస్తాం. బొడ్డు కింద చిన్న కోత పెట్టి, దాన్లోంచి లాగుతాం."

"లాగితే తెగదా?"

"తెగకుండా లాగడానికే ఇన్నేళ్ళు చదివానండీ."

"సగం లోపలే ఉండిపోతే మాకెట్టా తెలుస్తది?"

"బయటికి తెచ్చి మీకే చూపిస్తాను. సరేనా?"

"ఆ, అట్టా చెప్పండి!" అన్నాడు మా బావమరిది, లారీ లోడు ఒప్పుకున్నట్టు.

నేను అడగాల్సింది ఇంకోటి ఉంది. గుంటూరు జిల్లా పరువంతా నా నాలుక చివర ఉంది. "సార్, ఇదంతా మిరపకాయల వల్లేనా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "కాదండీ. పుండ్లు ఉన్నప్పుడు కారం తింటే మంట ఎక్కువవుతుంది. కానీ రోగాన్ని పుట్టించింది కారం కాదు. ఎందుకొస్తుందో ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా తెలీదు."

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. అన్నేళ్ళు అటక మీద జైల్లో ఉన్న కారం డబ్బా గుర్తొచ్చింది. కోటేశ్వరరావు వరండాలోకి వెళ్ళి సెల్లులో యార్డుకి వార్త చెప్పాడు. సెల్లు లేకపోయినా వినపడేది.

సంచి మాత్రం నాకు మింగుడుపడలేదు. తిత్తి సరిగ్గా పట్టుకోకపోతే సంచి ఎప్పటికీ ఉండిపోవచ్చని కూడా డాక్టరుగారు దాచకుండా చెప్పారు. బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాను.

"నావల్ల కాదు నాగమణీ. సంచి కట్టుకుని యార్డులో తిరగనా?"

"యార్డులో సంచులు లేకుండా తిరిగేదెవరండీ?" అంది. నేను నవ్వలేదు. అప్పుడు తను నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "ఆరేళ్ళ నుంచి పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా మీకన్నా ముందు బాత్రూము ఎక్కడుందో నేను వెతుకుతున్నా. ఇక నాకూ ఓపిక లేదు. మీకు ఆ పేగు కావాలో నేను కావాలో తేల్చుకోండి."

మా ఎదురు బెంచీ మీద ఒకాయన ఇదంతా వింటున్నాడు. చీరాలలో నేతచీరల కొట్టట. మాటల్లో మాటగా, "నన్ను చూసి చెప్పండి, నాకు సంచి ఉందా, లేదా?" అన్నాడు. ఇస్త్రీ చొక్కా, సన్నటి పొట్ట. లేదన్నాను. ఆయన అటూ ఇటూ చూసి చొక్కా కొంచెం పైకెత్తాడు. సంచికి ఊతంగా మెత్తటి నేతబట్టతో కుట్టిన పట్టీ, దానికి జరీ అంచు!

"అంచు ఎందుకండీ?" అన్నాను.

"మా ఆవిడ పెట్టింది. చీరాలవాళ్ళం, అంచు లేకపోతే ఎట్టాగండీ?"

ఆ రోజే ఒప్పుకున్నాను. డాక్టరుగారి బొమ్మ చెయ్యలేని పని ఆ జరీ అంచు చేసింది.

ఆపరేషన్ రోజు పొద్దున నన్ను చక్రాల మంచం మీద తోసుకెళ్తుంటే పైన ట్యూబులైట్లు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. ఇక్కడ గొప్పలు ఆపేస్తాను. భయమేసింది. నాగమణి తలుపుదాకా మంచం పక్కనే నడిచింది. తలుపు దగ్గర తను నా దుప్పటి సర్దింది. అది సర్దేవుంది.

తర్వాత జరిగింది నేను చూడలేదు, నాగమణి చెప్పింది. మధ్యాహ్నం దాటాక థియేటరు తలుపు తెరిచి, సర్జన్‌గారు మాట ప్రకారం స్టీలు ట్రేలో నా పెద్దపేగుని తెచ్చారు. "ఇదిగోండి, చూసుకోండి" అన్నారు. పొద్దున్నుంచీ ఆ క్షణం కోసమే కాచుకుని కూర్చున్న కోటేశ్వరరావు ఒక అడుగు ముందుకేసి వంగి చూశాడు. అంతే. రోజూ డైనమైట్ల చప్పుడు వింటూ టీ తాగేవాడు నిలువునా వెనక్కి పడిపోయాడు. ఆ చప్పుడుకి కింది అంతస్తు నుంచి సెక్యూరిటీ వచ్చాడట. నర్సులు అతన్ని లేపి కూర్చోబెడుతుంటే, నాగమణి మాత్రం ట్రే మీద నుంచి చూపు తిప్పకుండా అడిగిందట:

"మొత్తం వచ్చేసిందాండీ?"

"వచ్చేసిందమ్మా."

"అయితే ఇంక తీసుకెళ్ళండి."

ఆరేళ్ళు ఇంట్లో తిష్ట వేసిన చుట్టాన్ని పంపించినట్టు పంపించిందన్నమాట.

నాకు మెలకువ వచ్చేసరికి ముక్కులో గొట్టం, చేతికి సెలైన్. విచిత్రమేమిటంటే పొట్ట కన్నా భుజం ఎక్కువ నొప్పి పుట్టింది. కెమెరాకి చోటు కోసం పొట్టలో గాలి నింపుతారని, దానివల్ల భుజం లాగుతుందని నర్సమ్మ చెప్పింది. పేగు తీయించుకుని భుజం పట్టుకుని మూలిగిన మొదటి గుంటూరువాణ్ణి నేనే అయ్యుంటాను. నాగమణి దుప్పటి కింద చెయ్యి పెట్టి నా వేలు పట్టుకుంది. తనకి యార్డు భాష రాదు. ఏ వేలు పట్టుకుందో కూడా తెలీదు. ఆ ధర ఏ సేటూ ఇవ్వలేడు.

మర్నాడే లేపి నడిపించారు. నిండా కోసుంటే వారం పైన పట్టేదట.

2006, సంచి కాలం

గుంటూరు వచ్చాక చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట: "ఏదీ, కోత చూపించు." చొక్కా ఎత్తితే మొహాలు వాడిపోయేవి. నాలుగు చుక్కలు, బొడ్డు కింద ఒక గీత, పక్కన సంచి. మా పెద్దత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని వెతికింది. "ఇంతేనా? దోమ కుట్టినట్టుంది! నాకు గర్భసంచి తీసినప్పుడు చూడాల్సింది" అని నిట్టూర్చింది. పాపం సత్తెనపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఆమెకి తృప్తిగా చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మమ్మల్ని ఎవరో మోసం చేశారని, అసలు ఆపరేషనే జరగలేదని వీధిలో పుకారు లేచింది.

అప్పుడు ఆదుకున్నవాడు కోటేశ్వరరావే. "నేను చూశానమ్మా కళ్ళారా!" అని సాక్ష్యం చెప్పేవాడు. పడిపోయిన సంగతి మాత్రం సాక్ష్యంలో ఉండేది కాదు. చెప్పినకొద్దీ నా పేగు పెరిగింది. సంక్రాంతి వెళ్ళేనాటికి దాన్ని పరిస్తే మార్టూరు నుంచి చిలకలూరిపేట దాకా వచ్చేది.

సంచితో నేను అనుకున్నంత గొడవ రాలేదు. మొదటివారం సంచి మార్చినప్పుడల్లా నాగమణి వీధి తలుపు గడియ వేసి వచ్చేది. తర్వాత దాని ముందే పప్పు రుచి గురించి పోట్లాడుకున్నాం. చీరాల ఆయన ఆసుపత్రిలో ఇచ్చిన మాట ప్రకారం రెండు పట్టీలు పోస్టులో పంపించాడు, ఒకటి మెరూన్ అంచు, ఒకటి ఆకుపచ్చ. పండగపూట ఆకుపచ్చది కట్టేవాణ్ణి, ఎవరికీ కనపడకపోయినా.

శివరాత్రి దాటాక మళ్ళీ హైదరాబాదు వెళ్ళి దారి మూయించుకున్నాను. ఆ ఆపరేషన్ తర్వాత రోజూ పొద్దున డాక్టరుగారు వచ్చి అడిగేది ఒకటే ప్రశ్న: "గాలి పోయిందా?" నాగమణి అదే అడిగేది. ఫోన్లో కోటేశ్వరరావు అదే అడిగేవాడు. వార్డంతా ఊపిరి బిగబట్టింది. చివరికి ఆ శుభకార్యం జరిగినప్పుడు పక్క మంచం పెద్దాయన చప్పట్లు కొట్టాడు. జీవితంలో నేను చేసిన ఏ పనికీ అంత మర్యాద దక్కలేదు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. కొత్త తిత్తి నిలబడాలి. మొదట్లో తెగ పరిగెత్తించింది. పాతరోజులే మళ్ళీ వచ్చాయా అని వణికిపోయాను. "మెల్లగా నేర్చుకుంటుందండీ, కొంచెం కొంచెం ఆపి చూడండి" అన్నారు డాక్టరుగారు. ఆ శిక్షణ బాధ్యత నాగమణి తీసుకుంది. టీవీ ముందు కూర్చోబెట్టి, "ప్రకటనలు వచ్చేదాకా ఆగండి" అనేది. ఆగాను. తర్వాత, "ఈ సీరియల్ అయిపోయేదాకా." నుదుటి మీద చెమట తుడుచుకుంటూ ఆగాను. ఆ సీరియల్లో అత్తగారు కోడలి వైపు చూడటానికే సగం ఎపిసోడ్ పట్టేది. నేను పడ్డ యాతన ముందు ఆ కోడలి కష్టాలు కష్టాలే కాదు. కానీ తిత్తి నేర్చుకుంది. వేసవికి వరసగా రెండు సీరియళ్ళు చూడగలిగాను. ఎంత ఆరోగ్యం వచ్చిందో అంత విసుగు కూడా వచ్చింది.

2006, యార్డు

సీజను చివర్లో యార్డుకి వెళ్ళాను. పిచ్చయ్య బాబాయి ఇంకో కొట్టు ముందు కనపడ్డాడు. దగ్గరికెళ్ళి, ఆయన దగ్గర ఏడేళ్ళుగా దాచుకున్న రోగం సంగతంతా చెప్పేశాను. ఆయన పొగాకు చుట్ట పక్కన పెట్టి విన్నాడు.

"రోగమని అప్పుడే అఘోరించొచ్చుగదయ్యా. నువ్వు సేటుతో కుమ్మక్కయ్యావనుకున్నా" అన్నాడు. కాసేపు నా పొట్టవైపు చూశాడు. "ఇప్పుడు నిలబడగలవా?"

"తెలీదు బాబాయ్" అన్నాను. నిజంగానే తెలీదు.

ఆయన లేచి, తన రాశి నా కొట్టు ముందుకి మార్పించాడు.

సేటు వచ్చాడు. పాతవాడే. నన్ను చూసి మొహం వెలిగిపోయింది. తువ్వాలు పడింది. వేలు పట్టుకుని వాళ్ళ ముత్తాత కథ మొదలెట్టాడు. ముత్తాత ఒంటెల మీద రాజస్థాన్ దాటాడు. నేను నిలబడ్డాను. ముత్తాతకి పెళ్ళయింది. మధ్యలో కడుపు ఒకసారి కదిలింది. నా గుండె ఆగింది. కడుపు మళ్ళీ సర్దుకుంది. తాతగారు పుట్టారు. నేను నిలబడే ఉన్నాను. సేటు నా మొహం రంగు కోసం చూస్తున్నాడు, రంగు మారట్లేదు. చుట్టూ జనం చేరారు. తాతగారు దుకాణం పెట్టారు, నాన్నగారు బళ్ళో చేరారు. నాన్నగారి చదువు పూర్తయ్యేసరికి సేటు దగ్గర వంశమూ అయిపోయింది, ఓపికా అయిపోయింది. నేనడిగిన వేలు ఇచ్చేశాడు.

తువ్వాలు తీసి తిరిగి చూస్తే పిచ్చయ్య బాబాయి కోపంతో భుజం మీద కండువా దులుపుతున్నాడు.

"ఏందయ్యా ఇది, బేరమా, జాగారమా? కాళ్ళు పడిపోయినై! సత్తెనపల్లి బస్సు వెళ్ళిపోయుంటది. ఇట్టా నానబెడితే ఎవడొస్తాడు నీ కొట్టుకి?"

నన్ను ఆలస్యం చేశావని తిట్టిన మనిషి ఏడేళ్ళలో ఆయనే మొదటివాడు. ఇంకో రెండు తిట్లు తిడతాడేమోనని ఆశగా అక్కడే నిలబడ్డాను.